కొట్టుకొచ్చిన సామాను, కనిపించని ప్రవాహం

శ్రోతలకు నమస్కారం.

సముద్రం ఒడ్డుకు ఏవేవో కొట్టుకొస్తుంటాయి. చాలావాటి పుట్టుపూర్వోత్తరాలు ఎవరికీ తెలియవు. కానీ ఫలానా వస్తువు ఫలానా రోజున, ఫలానా చోట నీళ్లలో పడిందని తెలిసిందనుకోండి, ప్రవాహాల గుట్టు విప్పడానికి అంతకన్నా మంచి ఆధారం ఉండదు.

1881 జూన్‌లో జీనెట్ అనే అమెరికన్ ఓడ సైబీరియాకు ఉత్తరాన మంచులో చిక్కి, నలిగి మునిగిపోయింది. మూడేళ్లకు దాని సామాన్లు కొన్ని ఎక్కడో గ్రీన్‌లాండ్ నైరుతి తీరంలో, ఒక మంచుపలక మీద కనిపించాయి. కెప్టెన్ డి లాంగ్ సంతకం చేసిన సరుకుల జాబితా, ఒక నావికుడి పేరు రాసి ఉన్న ప్యాంటు... ఇవి నిజంగా ఆ ఓడవేనా అని సందేహించినవాళ్లూ లేకపోలేదు. నార్వే శాస్త్రవేత్త నాన్సెన్ మాత్రం నమ్మాడు. ప్యాంటు రాగలిగిన దారిలో ఓడ ఎందుకు రాకూడదన్నది ఆయన వాదన. మంచు బిగిస్తే నలగకుండా పైకి లేచేలా, గుండ్రటి అడుగుతో ఫ్రామ్ అనే ఓడ కట్టించి, 1893లో కావాలనే దాన్ని సైబీరియాకు ఉత్తరాన మంచులో ఇరికించాడు. 1896 ఆగస్టులో ఆ ఓడ నార్వేకు ఉత్తరాన ఉన్న స్పిట్స్‌బర్గెన్ దీవి దగ్గర క్షేమంగా బయటపడింది. ఒక జాబితానూ ఒక ప్యాంటునూ నమ్ముకుని అంత సాహసానికి దిగడం తలచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఆ ప్రయాణంలోనే ఇంకో సంగతి తేలింది. మంచు గాలి వాలుకు పోకుండా, 20 నుంచి 40 డిగ్రీలు కుడికి తిరిగి పోతోంది. భూభ్రమణమే కారణమని నాన్సెన్ ఊహిస్తే, స్వీడన్ శాస్త్రవేత్త ఎక్మన్ లెక్కకట్టి చూపించాడు. పసిఫిక్ మీద వీచే గాలులు పైనీటిని ఇలాగే పక్కకు మళ్లించి నడుమకు చేరుస్తాయి; అక్కడ ప్లాస్టిక్ పోగుపడటానికి మూలం కూడా ఇదే.

అదే పసిఫిక్‌లో 1992 జనవరిలో ఒక సరుకు ఓడ నుంచి కంటెయినర్లు పడిపోయి 28,800 ప్లాస్టిక్ బొమ్మలు, బాతులూ తాబేళ్లూ, నీళ్లపాలయ్యాయి. నవంబరుకల్లా కొన్ని అలాస్కాలోని సిట్కా చేరాయి. ఆ తర్వాతి ఏళ్లలో దొరికినవాటిని బట్టి, అక్కడి ప్రవాహం ఒక చుట్టు తిరిగి రావడానికి సుమారు మూడేళ్లు పడుతుందని ఎబ్బెస్‌మేయర్ అనే సముద్ర శాస్త్రవేత్త తేల్చాడు.

అయితే ఒక చిక్కుంది. నీటిపైకి ఎత్తుగా తేలేదాన్ని ప్రవాహంతో పాటు గాలీ తోస్తుంది. 2014లో మాయమైన మలేషియా విమానం ఎంహెచ్370 రెక్కభాగం మరుసటి ఏడు హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో దొరికినప్పుడు ఎదురైంది ఇదే. ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు అలాంటి అసలు రెక్కభాగాన్నే తెచ్చి, దొరికినదాని ఆకారానికి కోసి, సముద్రంలో వదిలి, గాలికి ఎటు, ఎంత వేగంగా పోతుందో కొలిచారు. ప్రవాహాల కొలతకని వదిలే బోయాలకైతే, అంటే నీటిపై తేలే పరికరాలకైతే, గాలి లాక్కుపోకుండా 15 మీటర్ల లోతున పొడవాటి గుడ్డ గొట్టం వేలాడుతుంటుంది. అది తెగిపోయిన బోయా పంపే లెక్కల్ని వేరుగా గుర్తుపెట్టి చూస్తారు.