కజిన్ అంటే ఎవరి పిల్లలు?

శ్రోతలకు నమస్కారం. ఇవాళ ఒకే ఒక్క ఇంగ్లీషు మాట గురించి చెప్పుకుందాం. కజిన్. పెళ్లి ఫొటోలు చూపిస్తూ "వీడు మా కజిన్" అనేస్తాం. బాబాయి కొడుకా, మేనమామ కొడుకా? ఆ మాట చెప్పదు. పెద్దవాడో చిన్నవాడో చెప్పదు. అసలు ఆడో మగో కూడా చెప్పదు. అందుకే మనవాళ్లు కజిన్ బ్రదర్, కజిన్ సిస్టర్ అని తోక తగిలించారు. అది తప్పు ఇంగ్లీషని నవ్వేవాళ్లున్నారు. నాకు మాత్రం ఆ తోక ముచ్చటగానే ఉంటుంది.

తమాషా ఏమిటంటే, దీనికి మూలమైన లాటిన్ మాటకి మొదట్లో అర్థం చాలా ఇరుకు: అమ్మ తోబుట్టువు పిల్లలు, అదీ అక్కచెల్లెళ్ల పిల్లలే. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకి వచ్చేసరికి అందరూ అందులోకి వచ్చేశారు.

ఇదే మాటని చైనా భాషలోకి మార్చాలంటే ఎనిమిది మాటల్లోంచి ఒకటి ఏరుకోవాలి. నాన్న అన్నదమ్ముల పిల్లలైతే ముందు 'థాంగ్' అంటారు. అంటే ఇంటి పెద్ద హాలు. మేనత్త, మేనమామ, పెద్దమ్మ, పిన్ని, వీళ్ల పిల్లలందరికీ 'బియావో'. అంటే బయటివాళ్లు. ఆ వెనక అన్న, తమ్ముడు, అక్క, చెల్లెలు అన్న మాటల్లో ఒకటి చేరుస్తారు. బియావోమెయ్ అంటే బయటి చెల్లెలు.

మేనత్త కూతురూ పిన్ని కూతురూ ఒకే గంపలోనా? మన చెవికి ఇక్కడే తేడా కొడుతుంది. ఒకామె మరదలు, ఒకామె చెల్లెలు కదా!

దీనికి నాకిష్టమైన ఉదాహరణ పద్దెనిమిదో శతాబ్దపు చైనా నవల, 'హోంగ్ లౌ మెంగ్'. అందులో కుర్రవాడి పేరు బావోయు. తల్లి చనిపోతే దాయ్‌యు అనే అమ్మాయి వాళ్లింటికి, అమ్మమ్మ దగ్గరికి వస్తుంది. బావోయుకి ఆమె మేనత్త కూతురు. కొన్నాళ్లకి బావోచాయ్ అనే ఇంకో అమ్మాయి తల్లితో సహా వచ్చి అక్కడే ఉంటుంది. ఆ తల్లీ, బావోయు తల్లీ అక్కచెల్లెళ్లు. ఇద్దరమ్మాయిలూ బియావోలే. ఇంగ్లీషులో ఇద్దరూ కజిన్లే. మన లెక్కలో చూడండి: దాయ్‌యు మరదలు. బావోచాయ్ అతనికన్నా పెద్దది, కాబట్టి అక్క.

ఒకసారి దాయ్‌యు అలిగితే బావోయు బతిమాలుతూ ఏమంటాడంటే, మనం మేనత్త మేనమామ పిల్లలం, బావోచాయ్ అక్కచెల్లెళ్ల పిల్ల, చుట్టరికంలో నీకన్నా ఆమే దూరం అంటాడు. చూశారా, అవసరమొస్తే వాళ్లకీ ఆ తేడా నాలుక మీదే ఉంది! చివరికి పెద్దవాళ్లు మోసం చేసి, ముసుగు వేసి, అతనికి బావోచాయ్‌నే కట్టబెడతారు. అటు దాయ్‌యు ప్రాణం పోతుంది. చైనా పాఠకులు దాయ్‌యు కోసం ఏడుస్తారు. మనం ఏడుస్తూనే, అయ్యో, పిన్ని కూతుర్ని చేసుకోవడమేమిటి అనుకుంటాం. ఇప్పుడైతే వాళ్లకి ఆ ఇద్దరిలో ఎవరూ కుదరరు. 1980 వివాహ చట్టం కజిన్ల పెళ్లిళ్లే వద్దంది.

టైము అయిపోతోంది. అనువాదాలు చేసే పిల్లలకి ఒక్క మాట. కథలో కజిన్ కనబడగానే బావ అనో మరదలు అనో రాసేయకండి. ముందు అమ్మానాన్నలెవరో వెతకండి. ఇంగ్లీషు నవలల్లో అన్నదమ్ముల పిల్లలు కూడా పెళ్లాడతారు. అక్కడ 'అన్నయ్య' అని రాశారో, పాఠకుడు పుస్తకం మూసేస్తాడు. అలాంటిచోట, లేదా చుట్టరికం తేలనిచోట, కజిన్ అనే ఉంచేయండి. తెలుగువాడికి అర్థమవుతుంది.

ఉంటాను. నమస్కారం.