బోర్డు మీద పేర్లు

తమ్ముడు: నమస్కారం, శ్రోతలూ. హనుమకొండ నుంచి మళ్లీ మేమే. అక్క ఈరోజు కాస్త వేడి మీద ఉంది.

అక్క: నువ్వు విషయం చెప్పు.

తమ్ముడు: ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా చదివే పిల్లలకు నాయకత్వం ఎలా అలవాటు చేయాలన్నది ఈ వారం విషయం. నాలుగు ముక్కలు రాసుకొచ్చాను. ఎదుటివాళ్లు చెప్పేది వినడం, నలుగురిలో మాట్లాడటం, పని పంచుకోవడం, తగవు తీర్చుకోవడం.

అక్క: ముందు ఈ ఉత్తరం చదవాలి. నర్సంపేట దగ్గరి ఊరి నుంచి ఒక తల్లి రాసింది. కూతురు ఐదో తరగతి. బడి తెరవగానే క్లాసు లీడరును చేశారట. ఇంటిల్లిపాదీ మురిసిపోయారు. దసరా సెలవులు వచ్చేసరికి ఆ పిల్లను ఆటకు పిలిచేవాళ్లే లేరు. ఎందుకో తెలుసా? సారు గది దాటగానే, మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయడం ఆమె పని. సారు వచ్చి ఆ పేర్లున్నవాళ్లను నిలబెడతాడు.

తమ్ముడు: అది మనం చదివిన రోజుల నుంచీ ఉన్నదే కదా.

అక్క: ఉందని ఊరుకుందామా? పదేళ్ల పిల్లను తోటివాళ్ల మీద కాపలా పెట్టి, దానికి లీడరని పేరు పెడుతున్నాం. పేరు రాయకపోతే సారు కోప్పడతాడు, రాస్తే స్నేహితురాలు పోతుంది. ఆ పిల్ల ఏం నేర్చుకుంటుంది, చెప్పు.

తమ్ముడు: టీచర్ల వైపు నుంచి కూడా చూడక్కా. ములుగు దాటి లోపలికి వెళితే, రెండు మూడు తరగతులను ఒకే మనిషి చూసుకునే బడులు ఉన్నాయి. ఒక వరుసకు లెక్కలు చెబుతుంటే రెండో వరుస ఊరికే ఉంటుందా? మధ్యలో భోజనాల లెక్క, హాజరు లెక్క, ఫోను. పిల్లల సాయం లేకుండా బడి నడవదు.

అక్క: సాయం అడగమనే నేనూ అంటున్నాను. ఐదో తరగతి పిల్లను రెండో తరగతి వాళ్లకు కథ చదివి వినిపించమను. గ్రంథాలయం రిజిస్టరు రాయమను. కాపలా ఎందుకు?

తమ్ముడు: ఎవరో ఒకరు కాయాలి కదా. మా ఊళ్లో చెరువు నీళ్లు పంచే నీరటినే తీసుకో...

అక్క: వచ్చేసింది చెరువు.

తమ్ముడు: రానీ. పాకాల, రామప్ప కాకతీయ రాజు గణపతిదేవుడి కాలం నాటి చెరువులు. ఎనిమిది వందల ఏళ్ల తరువాత కూడా వాటి కింద వరి పండుతోంది. గట్టి కట్ట ఒక్కటే ఉంటే సరిపోతుందా? తూము ఎప్పుడు ఎత్తాలి, ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు పారాలి, చివరి పొలానికి అందాయా లేదా, ఇదంతా చూసేవాడు ఉండాలి. అతనే నీరటి. నీళ్లు తక్కువైన ఏడాది అతను అందరికీ చెడ్డవాడే. అయినా కట్ట మీద అతని మాట చెల్లుతుంది. ఆ ఉత్తరంలోని పిల్ల చేసేదీ అలాంటి కష్టమైన పనే అంటాను.

అక్క: నీరటికి కూలి ఎవరిచ్చేవారు?

తమ్ముడు: రైతులే. పంట కోతల తరువాత కల్లంలో ధాన్యం కొలిచి ఇచ్చేవారు.

అక్క: మరి అతను జవాబు చెప్పాల్సింది ఎవరికి?

తమ్ముడు: రైతులకే.

అక్క: ఈ పిల్ల ఎవరికి చెబుతోంది? సారుకు. ఆమె పేర్లు రాసినవాళ్లలో ఒక్కరైనా ఆమెను ఎన్నుకున్నారా? తప్పు రాస్తే దిద్దమని అడగగలరా? వచ్చే నెల ఇంకొకరిని పెట్టుకుందామని అనగలరా? నీరటిని తెచ్చి నా వాదననే బలపరిచావు.

తమ్ముడు: ...సరే. ఆ తేడా ఉంది. ఒప్పుకుంటాను.

అక్క: కోపంతో అనడం లేదు. ఆ తల్లి ఉత్తరం చదివి రాత్రి నిద్ర పట్టలేదు. మా అమ్మాయి పోలికే అనిపించింది. అదీ నెమ్మదస్తురాలు కదా.

తమ్ముడు: తెలుసు. అమ్మాయి బొడ్డెమ్మ ఆటలో ఎలా ఉండేదో చెప్పు. అది శ్రోతలు వినాలి.

అక్క: బతుకమ్మకు ముందు ఆడపిల్లలు బొడ్డెమ్మ ఆడతారు. పుట్టమన్ను తెచ్చి మెట్లు మెట్లుగా కట్టి, పూలు పెట్టి చుట్టూ తిరుగుతారు. అందులో పెద్దవాళ్ల పెత్తనం తక్కువ. మన్ను ఎవరు తేవాలి, తంగేడు ఎవరు తేవాలి, అన్నీ వాళ్లే తేల్చుకుంటారు. ఒకరు పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు. ఎత్తుకున్న పిల్లకు చరణం గుర్తు రాకపోతే పక్క పిల్ల అందిస్తుంది, ఆ పూటకు పాట ఆ పిల్ల చేతికి పోతుంది. బడిలో నోరు విప్పని మా అమ్మాయి అక్కడ మూడు పాటలు నడిపేది.

తమ్ముడు: అంటే వంతులు కావాలంటావు.

అక్క: వంతులు కావాలి, చిన్న జట్లు కావాలి. నలభై మందికి ఒక్క లీడరు ఏం చేస్తాడు? స్కౌట్లు ఈ పని ఎప్పుడో తేల్చారు. చిన్న పిల్లల కబ్స్‌లో ఆరుగురు ఒక జట్టు. పెద్ద పిల్లల జట్టును పెట్రోల్, అంటే గస్తీ దళం అంటారు, అందులో ఆరు నుంచి ఎనిమిది మంది. అంతమందిలో ఎవరు మాట్లాడలేదో కంటికి కనిపిస్తుంది.

తమ్ముడు: నా నాలుగు ముక్కలు ఏ తరగతికి ఎలా అలవాటు చేయాలో మిగిలిపోయింది. త్వరగా చెప్పేస్తాను. ఒకటి, రెండు తరగతులకు చేతి పని ఇవ్వాలి. మొక్కకు నీళ్లు పోయడం, పలకలు పంచడం. వారానికొకరు. మూడు నుంచి ఐదు వరకు బాలసభ వాళ్లతోనే నడిపించాలి. ఎవరు ముందు మాట్లాడాలో, ఎంతసేపు మాట్లాడాలో వాళ్లే చూసుకోవాలి. ఆరు నుంచి ఎనిమిది వరకు నిజమైన నిర్ణయం ఒకటి చేతిలో పెట్టాలి. ఆటస్థలం ఏ తరగతికి ఎప్పుడు, కొత్త పుస్తకాల్లో ఏవి కొనాలి, అలాంటివి. ఎన్నిక పెడితే చీటీ రహస్యంగా వేయించాలి.

అక్క: నిర్ణయమని చెప్పి, వాళ్లు చెప్పింది పక్కన పెడితే మాత్రం అసలు అడగకపోవడమే నయం. పిల్లలు రెండోసారి నోరు విప్పరు. పిల్లల అభిప్రాయానికి తగిన విలువ ఇవ్వాలని ఐక్యరాజ్యసమితి 1989 బాలల హక్కుల ఒడంబడికలో పన్నెండో అధికరణం ఉంది. మన దేశం 1992లో అందులో చేరింది.

తమ్ముడు: ఉపాధ్యాయ దినోత్సవం నాడు స్వపరిపాలన చేస్తారు కదా. పిల్లలు చీరలు కట్టుకుని, పంచెలు కట్టుకుని పాఠాలు చెబుతారు.

అక్క: నాకు ఇష్టమే. ముచ్చటగా ఉంటుంది. మరునాటి నుంచి ఏమిటన్నదే నా ప్రశ్న. హెడ్‌మాస్టర్‌గా కూర్చున్న పిల్లవాడు కుళాయి పాడైందని చెబితే బాగు చేయిస్తారా?

తమ్ముడు: కుళాయి అన్నావు కాబట్టి అంటున్నాను, చెరువు నిండి మత్తడి పోసే రోజు పిల్లలను లక్నవరం చెరువుకు తీసుకెళ్లి...

అక్క: తమ్ముడూ!

తమ్ముడు: ఒక్క మాట. కట్ట మీద నిలబెట్టి, ఈ నీళ్లు మీవైతే ఎలా పంచుతారని అడగాలి. ఏడో తరగతికి దాన్ని మించిన పాఠం లేదు.

అక్క: అది మంచి ఆలోచనే. మత్తడికి దూరంగా నిలబెట్టి అడుగు. ఇంతకీ ఆ తల్లికి ఏమని రాద్దాం?

తమ్ముడు: కూతురిని లీడరుగా మానిపించమనా?

అక్క: వద్దు. ఆ పని ఎవరికిచ్చినా ఇదే గతి. తల్లిదండ్రుల సమావేశంలో ఆమె లేచి అడగాలి. విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం ఆడవాళ్లు ఉండాలి. పేర్లు రాయించడం ఆపండి, ఆ అమ్మాయికి వేరే పని ఇవ్వండి అని ధైర్యంగా అడగమని రాస్తాను.

తమ్ముడు: పూర్తిగా ఆపమంటే టీచరు ఒప్పుకోరు. జట్టుకొకరు, వారానికొకరు వంతున...

అక్క: పేర్లు రాయడానికి వంతులా? అంటే అందరినీ కాపలావాళ్లను చేస్తావన్నమాట.

తమ్ముడు: అలా అనలేదు. జట్టు లోపలే మాట్లాడుకుని తేల్చుకుంటారని...

అక్క: అయితే బోర్డు ఎందుకు?

తమ్ముడు: బోర్డు వద్దులే. మిగతాది వచ్చే వారం తేల్చుకుందాం. బ్యాటరీ ఎర్ర గీత చూపిస్తోంది.