73 శాతం

ప్రిన్సిపాల్ గారికి, వేదిక మీది పెద్దలకి, ముందు వరసలో ఉన్న నా పాత సహోద్యోగులకి నమస్కారం. శాలువా తరవాత కప్పండమ్మా, ముందు నన్ను మాట్లాడనివ్వండి. పాలకొండ వైపు వెళ్ళే పిల్లలు ఐదింటికల్లా శ్రీకాకుళం కాంప్లెక్సులో ఉండాలి.

నాకిచ్చిన అంశం నెలసరికి ముందు వచ్చే ఇబ్బందులు, ఒత్తిడి, చదువు. ఈ మాట మైకులో అనడానికి నాకు ముప్పై ఏళ్ళు పట్టింది. ఆ ముప్పై ఏళ్ళూ జువాలజీ చెప్పాను. అండం విడుదలయ్యాక ప్రొజెస్టెరాన్ ఎలా పెరుగుతుందో, నెలసరి దగ్గరపడేసరికి ఎలా పడిపోతుందో రంగు సుద్దలతో బోర్డు మీద గీశాను. ఎదురుగా కూర్చుని ఆ బొమ్మ ఎక్కించుకుంటున్న పిల్లకి ఆ వారం ఎలా గడుస్తోందని ఒక్కనాడూ అడగలేదు.

ఒక పిల్ల సంగతి చెప్తాను. పేరు చెప్పను. సీతంపేట అవతల కొండ మీది ఊరు. హాస్టల్లోనే ఉండేది, అయినా నెలకి నాలుగు రోజులు క్లాసుకి వచ్చేది కాదు. "ఏటైందే?" అంటే "ఏటీ నేదు మేడం" అనేది. శ్రద్ధ లేదని, సీటు పాడుచేస్తున్నావని అందరి ముందూ అన్నాను. ఏడాది చివర హాజరు లెక్కేస్తే 73 శాతం. 75 ఉండాలి. ఫీజు కట్టి, మెడికల్ సర్టిఫికెట్ తెచ్చుకోమన్నాం. నా టేబుల్ దగ్గర నిలబడి మెల్లిగా అడిగింది, "ఏ రోగమని రాయించమంతారు మేడం?" అని. నేను మాట్లాడలేదు. ఆ పిల్ల పరీక్ష రాయలేదు. మళ్ళీ కాలేజీకి రాలేదు.

2023 జనవరిలో పేపర్లో ఒక వార్త చదివాను. కేరళలో కొచ్చిన్ శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయం నెలసరి ఇబ్బందుల్ని లెక్కలోకి తీసుకుని ఆడపిల్లలకి హాజరులో 2 శాతం సడలింపు ఇచ్చింది. 75 బదులు 73 ఉంటే చాలు. కొద్దిరోజులకే ప్రభుత్వం మిగతా విశ్వవిద్యాలయాలకీ అదే వర్తింపజేసింది. అమ్మా, 73! ఆ రాత్రి లేచి బీరువాలోంచి పాత రిజిస్టర్లు తీశాను. ఆ పిల్ల వరస దొరికింది. జులై 18 నుంచి 21. ఆగస్టు 16 నుంచి 19. సెప్టెంబరు 13 నుంచి 16. ఎర్ర సిరాతో ఆ గుర్తులు పెట్టిన చెయ్యి నాదే. ముగ్గులో చుక్కల్లా ఉన్నాయి, కలిపి చూడలేదు.

అది నొప్పో, దిగులో, రెండూనో నేను అడగలేదు కాబట్టి చెప్పలేను. మీకు మాత్రం ఇది చెప్పాలి. నెలసరికి వారం పది రోజుల ముందు నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం, చిరాకు, పొట్ట ఉబ్బరం, రొమ్ముల్లో సలుపు, చదివింది తలకెక్కకపోవడం, ఇవన్నీ వచ్చి నెలసరి మొదలైన రెండు మూడు రోజుల్లో తగ్గిపోతే అది మీ గుణం కాదు. ఈ పిల్లల్లో హార్మోన్లు చాలావరకు అందరిలాగే ఉంటాయి. ఆ ఎగుడుదిగుళ్ళకి మెదడు స్పందించే తీరు వేరు. పైన పరీక్షల ఒత్తిడి, నిద్ర లేకపోవడం తోడైతే బాధ ఇంకా పెరుగుతుంది. ఆ బాధ వల్ల చదువు సాగక ఒత్తిడి ఇంకా ఎక్కువవుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. 1953లో ఈ లక్షణాలన్నిటికీ కలిపి పేరు పెట్టిన వాళ్ళలో ఒకరైన కాథరీనా డాల్టన్ అనే బ్రిటిష్ డాక్టరు, నెలసరి దగ్గరపడే రోజుల్లో బడికెళ్ళే ఆడపిల్లల మార్కులు తగ్గుతున్నాయని 1960లో రాసింది. తరవాతి పరిశోధనల్లో తెలివితేటలు నెలసరిని బట్టి తగ్గుతాయన్నది నిలబడలేదు. అందుకే "ఆ రోజుల్లో ఆడపిల్లల బుర్ర పనిచెయ్యదు" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. బుర్ర అదే. పోయేది నిద్ర, పోయేది క్లాసు. మార్కులు పోయేది అక్కడ.

ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. రెండు నెలలు, రోజూ, ఏ తేదీన ఎలా ఉందో ఒక్క ముక్క రాయండి. డాక్టరు కూడా మొదట అడిగేది అదే. నడక, వేళకి నిద్ర కొందరికి చాలు. కొందరికి మందులు కావాలి, సిగ్గు లేదు అందులో. నొప్పి మాత్రలు మాత్రం కొట్టువాడినడిగి మింగకండి, కిడ్నీలు దెబ్బతినొచ్చు. ఉద్దానంలో కిడ్నీల కోసం జనం పడుతున్న పాట్లు చూస్తున్న వాళ్ళం, మనకి వేరే చెప్పాలా? కొద్దిమందికి ఇది మరీ తీవ్రంగా వస్తుంది. 2013 నుంచి అమెరికా మానసిక వైద్యుల ప్రామాణిక గ్రంథంలో దానికి వేరే పేరే ఉంది. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే, అది నెలనెలా వచ్చిపోయేదే అయినా, 14416కి ఫోన్ చెయ్యండి. ప్రభుత్వానిదే, డబ్బులు అక్కర్లేదు.

వెనకాల తల దించుకున్నవాళ్ళు ఒకసారి ఎత్తండమ్మా. మగపిల్లలూ, మీరు లేచి వెళ్ళనక్కర్లేదు, మీకూ అప్పచెల్లెళ్ళున్నారు.

ప్రిన్సిపాల్ గారూ, కాగితం రాసి తెచ్చాను. ఎచ్చెర్లలో మన విశ్వవిద్యాలయం రిజిస్ట్రారు గారికి. అడిగింది రెండే. కేరళలో ఇచ్చిన ఆ 2 శాతం, సర్టిఫికెట్ అడగకుండా. మొదటి సంతకం నాది, పెట్టేశాను. వెనక బెంచీ నుంచి మొదలుపెట్టి ముందుకి పంపండి, బస్సుకి వెళ్ళాల్సిన వాళ్ళు ముందు పెట్టండి.