ముందు కండెన్సర్లు, ఆ తర్వాతే ఐసీలు

అందరికీ నమస్కారం.

ఈ బల్ల మీదున్న యాంప్లిఫయర్ మా నాన్నగారిది. ఓడలో పనిచేసే రోజుల్లో సింగపూర్‌లో కొని, దుప్పట్లో చుట్టి తెచ్చారు. పెదవాల్తేరులో మా ఇంట్లో పాతికేళ్లు పాడింది, తర్వాత మెల్లగా గొంతు పోయింది. "ముసలిదైపోయిందిరా, వదిలెయ్" అన్నారాయన. నాకు మనసొప్పలేదు. పాత సెట్ల రిపేరు గురించి ఇవాళ మీకు చెప్పబోయేదంతా దీని దగ్గర నేర్చుకున్నదే.

మూత తీయగానే కనిపించింది ఉప్పుగాలి చేసిన పని. స్క్రూలకి తుప్పు, సెలెక్టర్ స్విచ్ కాంటాక్టులు నల్లగా. విశాఖలో పాత సెట్టు విప్పేవాళ్లు ముందు ఇక్కడే చూడాలి. వాల్యూమ్ తిప్పితే గరగర, ఒక చానల్ వచ్చి పోవడం లాంటివి చాలాసార్లు కాంటాక్ట్ క్లీనర్‌తోనే తగ్గిపోతాయి. పార్టులు మార్చే మాట ఆ తర్వాత.

మార్చాల్సి వస్తే మొదటి వంతు ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లది. కెపాసిటర్ అంటే చార్జీని దాచుకుని వదిలే పార్టు, మన మెకానిక్‌లు ఇప్పటికీ కండెన్సర్ అనే అంటారు. లోపల రెండు అల్యూమినియం రేకులు, మధ్యలో రసాయనంలో తడిపిన కాగితం. ఏళ్ల తరబడి వేడికి ఆ తడి సీలు సందుల్లోంచి ఆరిపోతుంది. అప్పుడు కెపాసిటీ తగ్గుతుంది, ఈఎస్ఆర్ అనే లోపలి నిరోధం పెరుగుతుంది. ఒంటి మీద 85 డిగ్రీలని రాసున్న మామూలు కండెన్సర్‌కి ఆ వేడిలో గ్యారంటీ ఆయుష్షు 1000, 2000 గంటలే. వేడి 10 డిగ్రీలు తగ్గిన కొద్దీ ఆయుష్షు ఇంచుమించు రెట్టింపవుతుంది. వేడిని బయటికి వదిలే లోహపు రెక్కల్ని, అంటే హీట్ సింక్‌ని ఆనుకుని ఉన్నవి ముందు పోయేది, 105 డిగ్రీలవి వేయమని నేను చెప్పేది ఇందుకే.

మా సెట్టుకి పోయిన గొంతు ఏమిటంటే, మృదంగం వింటే దాని కుడి ముఖం స్పష్టంగా పలికేది, ఎడమ ముఖమైన తొప్పి మోత మాత్రం లేదు. సిగ్నల్‌ని పెంచే రెండు స్టేజీల మధ్య పాటని దాటించే 1 మైక్రోఫారడ్ కప్లింగ్ కండెన్సర్ ఉంది, దాని తర్వాత 10 కిలోఓమ్‌ల నిరోధం. ఆ జంట సుమారు 16 హెర్ట్జ్ కిందివే తగ్గించాలి. కండెన్సర్ ఊడదీసి మీటరు మీద పెడితే 0.2 చూపించింది. అంటే కోత 80 హెర్ట్జ్ దాకా పైకొచ్చేసింది. తొప్పిని మింగేసింది పది రూపాయలు కూడా చేయని పార్టు!

వాల్యూమ్ పూర్తిగా తగ్గించినా హమ్మింగ్ అలాగే ఉంటే పవర్ సప్లైలోని పెద్ద ఫిల్టర్ కండెన్సర్లని అనుమానించండి. 50 హెర్ట్జ్ ఏసీ కరెంటు, దాన్ని డీసీగా మార్చే రెక్టిఫయర్ డయోడ్లు దాటాక 100 హెర్ట్జ్ అలలుగా వస్తుంది, వాటిని చదును చేయడమే వాటి పని. అలాగని 4700 మైక్రోఫారడ్ ఉన్నచోట 22000 వేయకండి, స్విచ్ వేసిన క్షణంలో డయోడ్ల మీద భారం పడుతుంది. వోల్టేజీ రేటింగ్ మాత్రం పాతదానికి తగ్గకూడదు. ప్లాస్టిక్ పొరతో చేసిన ఫిల్మ్ కండెన్సర్లలో ఆరిపోయే తడి లేదు, బాగున్నవాటిని కదపకండి.

ఇక ఐసీలు, అంటే సిగ్నల్‌ని పెంచే చిన్న చిప్పులు. కుర్రాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే: "అన్నా, 4558 తీసేసి ఓపీఏ2134 వేస్తే ఎలా ఉంటుంది?" 8 కాళ్ల అమరిక ఒకటే కాబట్టి కూర్చుంటుంది. కానీ ఇలాంటి ఐసీ, అంటే ఆప్ ఆంప్, కండెన్సర్‌లా ఎండిపోదు. 4558 అవుట్‌పుట్ ఎంత వేగంగా మారగలదో చెప్పే స్లూ రేటు మైక్రోసెకనుకి 1 వోల్టే అనుకున్నా, 2 వోల్టుల లైన్ సిగ్నల్‌ని 50 కిలోహెర్ట్జ్ దాకా వంకర లేకుండా మోస్తుంది. మన చెవి 20 కిలోహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. తేడా నిజంగా తెలిసే చోటు రికార్డు ప్లేయర్ సిగ్నల్‌ని పెంచే ఫోనో స్టేజి. రికార్డు మీది సూది ఇచ్చేది కొన్ని మిల్లీవోల్టులే, దాన్ని అంత పెంచేటప్పుడు ఎన్ఈ5532 లాంటి తక్కువ నాయిస్ ఐసీ వేస్తే బుస తగ్గుతుంది. అయితే అది 8 మిల్లీఆంపులు లాగుతుంది, 4558 కంటే సుమారు మూడు రెట్లు. సప్లైకి ఆ ఓపిక ఉందో లేదో చూసుకోండి.

నేను తొందరపడి ఒక వేగమైన ఐసీ వేశాను. పాట మసకబారింది, ఐసీ మీద వేలు పెడితే చురుక్కుమంది. సిగ్నల్‌ని తెర మీద చూపే స్కోపులో చూస్తే, పాట లేకపోయినా ఐసీ తనంతట తానే మెగాహెర్ట్జ్‌లలో ఊగిపోతోంది. సప్లై కాళ్ల పక్కనే 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కండెన్సర్లు వేశాక కుదుటపడింది. ఇంకోసారి చవగ్గా వచ్చిందని కొన్న ఐసీని అసిటోన్‌లో ముంచిన దూదితో రుద్దితే, పైనున్న అక్షరాలతో పాటు నల్లరంగు కూడా దూదికి అంటుకొచ్చింది. కింద పాత నంబరు లీలగా కనబడింది. అందుకే ఐసీని తీసి పెట్టుకునేలా సాకెట్, అంటే ఐసీ బేస్ వేసుకోండి, పాత ఐసీ పారేయకండి.

పని అయ్యాక సెట్టుని నేరుగా ప్లగ్గులో పెట్టకండి. ఇదిగో, 100 వాట్ల ఫిలమెంట్ బల్బుతో సిరీస్ బోర్డు, సెట్టుకి కరెంటు ఈ బల్బు గుండానే వెళ్తుంది. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే మంచిదే. అలాగే వెలుగుతూ ఉంటే వెంటనే ఆపేయండి, ఎక్కడో షార్ట్ ఉంది.

ఇప్పుడు ఆన్ చేస్తున్నాను. మీకోసమని పని సగంలో ఆపి తెచ్చాను. ఎడమ చానల్లో కొత్త కండెన్సర్లు, కుడి చానల్లో పాతవే. ఐసీలు రెండు వైపులా మళ్లీ అప్పటివే. ముందు కుడివైపు వినిపిస్తాను, ఫ్యాన్లు ఒక్క నిమిషం ఆపండి.