ఆ చెట్టుకు తెగులేమీ పట్టలేదండీ!

[స్క్రీన్ మీద: వంకరటింకర ఓక్ చెట్టు. కాండం, కొమ్మలు అంతా ఆకుపచ్చ నాచు.]

ఈ ఫోటో చూడగానే "పాపం, చెట్టుకు ఏదో తెగులు పట్టింది" అనిపించిందా? చాలామందికి అలాగే అనిపిస్తుంది. ఇంగ్లండ్‌లో ఉండే మనవాళ్లు వీకెండ్‌కి వేల్స్ వెళ్లి ఇలాంటి ఫోటో పెడితే చాలు, పాచి పట్టిందనీ, చెట్టు చచ్చిపోతోందనీ, ఎవరైనా గోకేస్తే బాగుండనీ మొదలుపెడతారు. నాకు ఒళ్లు మండుతుంది. ఓక్ చెట్లు యూరప్‌లో ఎక్కడికెళ్లినా కనిపిస్తాయి. ఈ అడవికి వెళ్లేదే ఆ పాచిని చూడటానికి!

ఇది వాయవ్య వేల్స్‌లో, మాయెన్‌ట్వురోగ్ అనే చిన్న ఊరి దగ్గర ఉన్న కోయిడ్ వెలిన్‌హ్రిడ్ అడవి. ఎరెరి నేషనల్ పార్క్, అంటే చాలామంది స్నోడోనియా అనే ప్రాంతం. నిట్టనిలువు వాలు మీద ఓక్ చెట్లు, అడుగున బండల మధ్య దూకే ప్రసోర్ నది. మధ్యయుగాల నాటి వేల్ష్ కథల్లో ప్రిడేరి అనే రాజు గ్విడియన్ అనే మాంత్రికుడితో తలపడి ప్రాణం వదిలింది ఈ చుట్టుపక్కలే. ఆ కథలోకి దిగితే ఇవాళ అడవి దాకా రాము, వదిలేద్దాం.

ఇది రెయిన్ ఫారెస్ట్. అవును, అమెజాన్‌కి వాడే మాటే. వేడి ఉండాలన్న రూలేమీ లేదు. బ్రిటన్‌లో ఈ కోవకి వచ్చే చోట్లు స్థూలంగా ఏడాదికి 1,400 మిల్లీమీటర్లకు పైగా వాన, 200కు పైగా తడి రోజులు ఉండేవి. ఆ రెండో అంకె ముఖ్యం. మన దగ్గర నాలుగు నెలలు కుమ్మేసి తర్వాత ఎండగట్టేస్తుంది. అక్కడ అట్లాంటిక్ మీంచి వచ్చే గాలి ఏడాది పొడుగునా కొంచెం కొంచెం తడుపుతూనే ఉంటుంది. సముద్రం పక్కనే కాబట్టి చలికాలంలో మరీ గడ్డకట్టదు, ఎండాకాలంలో మరీ కాలదు. వేళ్లు లేని మొక్కలకి ఇంతకన్నా ఏం కావాలి?

ఇప్పుడు అసలు సంగతి. చెట్టుని ఒక అపార్ట్‌మెంట్ అనుకోండి.

[స్క్రీన్ మీద: చెట్టు బొమ్మ, దాని మీద అంతస్తుల గీతలు.]

నాచు, ఫెర్న్‌లు, లైకెన్‌లు అందులో అద్దెకున్నవాళ్లు. బెరడు వాళ్లకి గోడ, అంతే. గోడకి ఆనుకుని ఉంటారు గానీ గోడ లోపలి పైపుల జోలికి పోరు. నాచుకి నీళ్లు లాగే వేళ్లు ఉండవు, పట్టుకోవడానికి సన్నటి నూలుపోగుల్లాంటివి ఉంటాయి. నీళ్లు వాన నుంచి, మంచు నుంచి నేరుగా ఒంటితోనే పీల్చుకుంటుంది. తిండి ఎండ నుంచి. చెట్టు దగ్గర చుక్క నీళ్లు కూడా అడగదు.

మన మామిడి చెట్టు మీద బదనిక చూశారుగా? అది వేరే బాపతు. అది మెయిన్ లైన్‌కి కొక్కెం వేసి కరెంటు లాగే రకం. కొమ్మలోకి దిగి చెట్టు నీళ్లు, ఖనిజాలు తాగేస్తుంది. బదనికని చూసి చూసి, చెట్టు మీద ఏది పెరిగినా అదే దొంగ అనుకోవడం మనకి అలవాటైపోయింది. కొక్కెం వేసినవాణ్ని, గోడకి ఆనుకుని కూర్చున్నవాణ్ని ఒకే కేసులో బుక్ చేస్తే ఎలా?

"మరి ఎండిపోతున్న చెట్ల మీదే ఎక్కువ కనిపిస్తుంది కదా?" మంచి ప్రశ్న. చెట్టుకి వేరే ఏదో జబ్బు చేసి ఆకులు రాలిపోతాయి. ఆకులు పోతే కొమ్మల మీద వెలుతురు పడుతుంది. వెలుతురు పడితే లైకెన్ బాగా పెరుగుతుంది. బిల్డింగ్ పైకప్పు లేచిపోయి ఎండ లోపలికి వస్తుంటే, ఆ ఎండలో కూర్చున్నవాడే కప్పు పీకాడని అన్నట్టుంది మన లెక్క.

సరే, అద్దెకున్నది ఎవరెవరు? ముందు లైకెన్. దీన్ని మీరు తిన్నారు కూడా. బిర్యానీ మసాలాలో వేసే రాతిపువ్వు, హైదరాబాద్‌లో పత్తర్ కా ఫూల్ అంటారే, అది లైకెనే. ఆ జాతే వేల్స్ చెట్ల మీద కూడా పెరుగుతుంది. అక్కడెవరూ బిర్యానీలో వేయరు, అది వాళ్ల దురదృష్టం. లైకెన్ అంటే ఒకటి కాదు, ఒకే ఫ్లాట్‌లో కలిసి ఉండే ఇద్దరు. ఒకటి శిలీంధ్రం, అది గది కట్టి తేమ నిలుపుతుంది. రెండోది ఆల్గే అనే కంటికి కనపడనంత చిన్న పచ్చటి జీవి, ఎండతో వంట చేస్తుంది.

[స్క్రీన్ మీద: లంగ్‌వర్ట్ క్లోజప్.]

ఇది లంగ్‌వర్ట్ అనే లైకెన్. ఈ అడవుల్లో హీరో. తడిసినప్పుడు పాలకూరంత పచ్చగా, ఎండితే గోధుమరంగులో పెళుసుగా ఉంటుంది. మీద ఉన్న గుంటలు, గీతలు ఊపిరితిత్తుల్లా కనిపిస్తాయని పాతకాలం యూరప్ వైద్యులు దగ్గు, క్షయ రోగాలకి వాడేవాళ్లు. ఈ ఫ్లాట్‌లో ముగ్గురుంటారు: శిలీంధ్రం, ఆల్గే, పైగా గాలిలోని నైట్రోజన్‌ని పట్టే సయనోబాక్టీరియా. అంటే ఇది చివరికి రాలి కుళ్లినప్పుడు ఆ నైట్రోజన్ నేలకి చేరుతుంది. గాలిలో ఎరువు పట్టి ఇంటి ఓనర్‌కి ఇచ్చి వెళ్లే కిరాయిదారు, ఎక్కడైనా దొరుకుతాడా!

ఇక బండల కింద తడి నీడలో ఫిల్మీ ఫెర్న్ ఉంటుంది. దాని ఆకు మందం ఎంతో తెలుసా? ఒకే ఒక్క కణం. వెలుతురుకి పెడితే ఆకు గుండా వెలుగు కనిపిస్తుంది. మామూలు ఆకులకి ఉండే మైనపు పొర దీనికి లేదు, నీళ్లు దాచుకోలేదు. గాలిలో తేమ తగ్గితే ముడుచుకుపోతుంది. నాకైతే ఈ అడవి మొత్తంలో ఇష్టమైనది ఇదే. ఎక్కడైనా ఇది పుష్టిగా పెరుగుతోందంటే ఆ మూల చాలాకాలంగా ఎండలేదన్నమాట. వాతావరణ కేంద్రం పెట్టక్కర్లేదు.

అయితే ఈ కిరాయిదారులకి ఒక పట్టింపు ఉంది: బిల్డింగ్ పాతదై ఉండాలి. లంగ్‌వర్ట్ ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి మారడానికి చాలాకాలం తీసుకుంటుంది. అందుకే అడవి వయసు ముఖ్యం. వేల్స్‌లో 1600 నుంచి తెగకుండా ఉన్న అడవిని 'ఏన్షియంట్ వుడ్‌లాండ్' అంటారు. అలాగని వీటిని మనిషి ముట్టుకోలేదనుకోకండి. ఓక్ బెరడుతో తోళ్లు పదును చేసేవాళ్లు. ఇనుప కొలుములకి కట్టెబొగ్గు కావాలి. చెట్టుని మొదలు దగ్గర నరికేస్తే మొద్దు నుంచి మళ్లీ నాలుగైదు కొమ్మలు లేచేవి, వాటిని పెంచి మళ్లీ నరికేవాళ్లు. వేల్స్ ఓక్ అడవుల్లో చాలా చెట్లు సన్నగా, ఒకే మొదలు నుంచి గుంపుగా ఉంటాయి, కారణం అదే. ఎవరూ నరకలేని లోయ అంచుల్లో మాత్రం పాత బిల్డింగులు మిగిలాయి. అద్దెవాళ్లు అక్కడ తలదాచుకున్నారు.

ఇక గొర్రెలు. వేల్స్‌లో మనుషులు 31 లక్షలు, గొర్రెలు సుమారు 90 లక్షలు. చిన్న ఓక్ మొక్క తలెత్తితే చాలు, కొరికేస్తాయి. పాత బిల్డింగ్ పడిపోతే పక్కన కొత్తది లేవదు. "కంచె వేసేస్తే సరి" అంటారు కొందరు. సగమే నిజం. పూర్తిగా మూసేస్తే ముళ్లపొదలు, హాలీ అనే ముళ్ల ఆకుల చెట్లు ఎగబాకి కాండాలకి వెలుతురు తగలకుండా చేస్తాయి. లైకెన్‌కి తేమతో పాటు వెలుతురూ కావాలి. కాబట్టి కొన్నిచోట్ల కొద్దిపాటి పశువుల్ని వదిలి మేపుతారు. ఎన్ని, ఎన్నాళ్లు అన్నది అడవిని బట్టి మారుతుంది. దీనికి ఒక్క ముక్కలో జవాబు చెప్పేవాళ్లని నేను నమ్మను.

అసలు విలన్ రోడోడెండ్రాన్ అనే పొద. ఊదా పూలు, ఫోటోకి అద్భుతంగా ఉంటుంది. 18వ శతాబ్దంలో బంగళా తోటల కోసం తెచ్చారు. ఆకుల్లో విషం ఉండటంతో గొర్రెలు మామూలుగా దీన్ని ముట్టవు. ఏడాదంతా ఆకు రాల్చదు. మన అపార్ట్‌మెంట్ కిటికీలన్నిటికీ అడ్డంగా ఫ్లెక్సీ కట్టేసినట్టే, లోపల చీకటి. కిందున్నవన్నీ పోతాయి. దీన్ని పీకడానికి ఎరెరిలో ఏళ్ల తరబడి పని జరుగుతూనే ఉంది.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా.

పిట్టలు: ఏప్రిల్‌లో పశ్చిమ ఆఫ్రికా నుంచి పైడ్ ఫ్లైక్యాచర్ వస్తుంది, మగది నలుపూ తెలుపూ. చెట్టు తొర్రలో గూడు. ఓక్ చిగుళ్లు, వాటిని తినే గొంగళిపురుగులు, పిల్లల ఆకలి, మూడూ ఒకే వారాల్లో కుదరాలి. వసంతం ముందుగానే వచ్చేస్తే లెక్క తప్పుతుంది. తోడుగా రెడ్‌స్టార్ట్, నేల మీద గూడు కట్టే వుడ్ వార్బ్లర్.

పైన్ మార్టెన్: ముంగిసకన్నా పెద్దది, చెట్లెక్కుతుంది. వేల్స్‌లో దాదాపు కనుమరుగైతే 2015 నుంచి 2017 మధ్య స్కాట్లండ్ నుంచి 51 తెచ్చి మధ్య వేల్స్‌లో వదిలారు. ఇది పూర్తిగా ఇంకో వీడియో.

గాలి: కోళ్ల ఫారాలు, పేడ నుంచి వచ్చే అమ్మోనియా లైకెన్‌లకి పడదు. మధ్య వేల్స్‌లోని పోవిస్ జిల్లాలో కోళ్ల షెడ్లు దండిగా ఉన్నాయి. బెరడు మీద బూడిదరంగు పొదల్లాంటి లైకెన్ పోయి పసుపు రంగుది పెరుగుతుంటే అనుమానించండి.

చివరిది. నిజమైన తెగులు ఒకటుంది, ఎవరూ ఫోటో తీయట్లేదు. ఆష్ చెట్లకి వచ్చే డైబ్యాక్. బ్రిటన్‌లో 2012లో నిర్ధారించారు. ఇదీ శిలీంధ్రమే, కానీ కొక్కెం వేసే రకం. పై కొమ్మలు ఎండుతాయి, కొమ్మ మొదట్లో బెరడు మీద డైమండ్ ఆకారంలో నల్ల మచ్చ. ఆష్ బెరడులో ఆమ్లం తక్కువ, అందుకే లంగ్‌వర్ట్‌కి అది ఇష్టమైన బిల్డింగుల్లో ఒకటి. ఆ బిల్డింగులు కూలుతున్నాయి. అలాంటి బెరడే సైకమోర్‌కి కూడా ఉంది. అది బయటి నుంచి వచ్చిన చెట్టని ఇన్నాళ్లు నరుకుతూ వచ్చారు. నన్నడిగితే, లైకెన్ ఉన్న అడవిలో ముసలి సైకమోర్‌ల మీద ఇప్పుడు గొడ్డలి పెట్టకూడదు. దీని మీద కొట్లాడాలనుకునేవాళ్లు రండి, కింద మాట్లాడుకుందాం.