64 మార్కులకి ఏడవక్కర్లేదు మామయ్యా!

నమస్తే అండీ. పోయిన ఆదివారం గుంటూరు నుంచి మా మామయ్య ఫోన్. "అల్లుడూ, బ్రిటన్‌లో మాస్టర్స్ చదివే మావాడికి 64 వచ్చిందంటరా. ఇంటర్లో 978 తెచ్చుకున్నోడు! అప్పు చేసి పంపితే అక్కడ చదువుతున్నాడో, పిజ్జాలు మోస్తున్నాడో కాస్త కనుక్కో."

ఇలాంటి ఫోన్ నాకు ఇది నాలుగోది. అందుకే ఈ వీడియో. వీసా, ఫీజుల జోలికి పోను, వాటికి బోలెడు వీడియోలున్నాయి. మార్కుల సంగతి ఒక్కటే చెప్తా.

(తెర మీద: 45.97)

ఇది మన హైదరాబాదీ లక్ష్మణ్ టెస్టు సగటు. ఈడెన్ గార్డెన్స్‌లో 281 కొట్టిన మనిషి! "వందకి 46 ఏంటి, అత్తెసరు పాసు" అని ఎవరైనా అన్నారా? అనరు. అది వందకి వేసిన లెక్క కాదని అందరికీ తెలుసు. బ్రిటన్ యూనివర్సిటీ మార్కు కూడా అంతే, టెస్టు సగటులా చూడాలి.

మాస్టర్స్‌లో 50 వస్తే పాస్. 60 దాటితే మెరిట్. 70 దాటితే డిస్టింక్షన్. పైన ఇంకో ముప్ఫై ఉన్నాయి కదా అంటారా? ఉన్నాయి, వ్యాసాల్లో అక్కడిదాకా వెళ్లేవాళ్లు బహు తక్కువ. బ్రాడ్‌మన్‌కే 99.94 దగ్గర ఆగిపోయింది! 1948లో చివరి ఇన్నింగ్స్‌లో నాలుగు పరుగులు కొడితే సగటు వంద. సున్నాకి బౌల్డ్.

లెక్కలు, కోడింగ్ పరీక్షల్లో మాత్రం 85, 90 పడతాయి. అది బ్యాటింగ్ పిచ్, జవాబు ఒప్పా తప్పా తేలిపోతుంది. వ్యాసం మాత్రం బంతి తిరిగే అయిదో రోజు పిచ్.

ఇంటర్‌లో మనం ఏం చేశాం? గైడులో ఎనిమిది పాయింట్లుంటే ఎనిమిదీ దించాం. తప్పు లేకపోతే కోత లేదు. అక్కడ మార్కు కోసుకుంటూ కిందికి రారు, సున్నా నుంచి పైకి కడతారు.

మా బామ్మర్ది పేపరు తెప్పించుకుని చూశా. నలుగురు పరిశోధకులు, నాలుగు పేరాలు, ఎవరేమన్నారో ముత్యాల్లా రాశాడు. మూడో పేజీ పక్కన లెక్చరర్ ఒక్క ముక్క పెట్టాడు: "వీళ్లలో ఇద్దరికి పడటం లేదు కదా, నువ్వు ఎవరి పక్క?" అంతే! డిస్టింక్షన్‌కి తక్కువైన ఆ ఆరు మార్కులు రాకుండా పోయింది అక్కడే. వాడు ఎవరి పక్కా లేడు. చిన్నప్పటి నుంచి మాస్టారికి ఎదురు చెప్పకు అని పెంచాం, ఇప్పుడు పోయి ప్రొఫెసర్‌తో విభేదించరా అంటే ఎలా విభేదిస్తాడు పాపం?

ఇంతకీ వాడున్నది మాంచెస్టర్‌లో. రూథర్‌ఫర్డ్ పరమాణువుకి కేంద్రకం ఉందని 1911లో తేల్చింది అక్కడే. 2004లో గైమ్, నొవొసెలోవ్ అంటించే టేపుతో గ్రాఫైట్ పొరలు ఒలిచి ఒలిచి గ్రాఫీన్, అంటే ఒక్క పరమాణువు మందమున్న కార్బన్ పొర, తీసిందీ అక్కడే. ఆరేళ్లకి నోబెల్ వచ్చింది. టేపండీ, మన స్టేషనరీ షాపులో దొరికేదే! నాకైతే ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు. పరిశోధనే పెద్ద పనిగా పెట్టుకున్న చోటు అది. పుస్తకంలో ఉన్నది వాళ్లకి నువ్వు కొత్తగా చెప్పేదేముంది?

అయ్యో, టైమ్ అయిపోతోంది. మిగతాది గబగబా చెప్పేస్తా.

మాస్టర్స్ మొత్తం 180 క్రెడిట్లు. క్రెడిట్‌కి పది గంటల చదువు. అంటే 15 క్రెడిట్ల సబ్జెక్టుకి 150 గంటలు. అందులో క్లాసులు ఏ ఇరవయ్యో ముప్ఫయ్యో, మిగతాదంతా సొంత చదువే. "వారానికి మూడు రోజులే కాలేజీ అంట" అని బాధపడకండి, అది సెలవు కాదు, నెట్ ప్రాక్టీసు.

థీసిస్ సాధారణంగా 60 క్రెడిట్లు, దాన్ని తేలిగ్గా తీసుకుంటే డిస్టింక్షన్ మర్చిపోవచ్చు. తప్పి మళ్లీ రాస్తే, ఎంత బాగా రాసినా మామూలుగా పాస్ మార్కు దగ్గరే ఆపేస్తారు. వేరే యూనివర్సిటీ నుంచి వచ్చే ఎగ్జామినర్ కూడా ఉంటారు, థర్డ్ అంపైర్ అనుకోండి. రెజ్యూమేలో "64 శాతం" అని రాయకండి బాబూ, చివరికి మెరిట్ వస్తే "మెరిట్" అని రాయండి. ఇక్కడి హెచ్‌ఆర్ కూడా మా మామయ్య లాంటివాళ్లే.

మామయ్యా, చూస్తున్నారా? ఇప్పుడు వాడికి ఫోన్ చేసి బాగా రాశావురా అనండి. పొద్దున్నే వద్దు, చలికాలం అక్కడ మనకన్నా అయిదున్నర గంటలు వెనక, పడుకుని ఉంటాడు.