రెండో వైపు అయిదో పాట

అధ్యక్షుల వారికి, కార్యదర్శి గారికి, ఈ ఎండలో గొడుగులేసుకుని వచ్చిన మీ అందరికీ నమస్కారం. నన్ను పరిచయం చేస్తూ పాశ్చాత్య సంగీతంలో పండితుణ్ణి అన్నారు. అది శుద్ధ అబద్ధమండి. నేను ముప్ఫై నాలుగేళ్లు బ్యాంకులో లెక్కలు చూసినవాణ్ణి. నాకు తెలిసిన ఇంగ్లీషు పాటలన్నీ మా అబ్బాయి పుణ్యమే.

మే నెల సభ కదా, వేసవి మీద ఏదైనా మాట్లాడమన్నారు. మనకి వేసవి అంటే వడదెబ్బ, ఆవకాయ, కరెంటు కోత. వేసవి వచ్చిందని పాట కట్టి ఎగిరి గంతేసేవాళ్లు మనలో ఎవరున్నారు? కాలిఫోర్నియాలో అలా కాదు. అక్కడ వేసవి అంటే బడికి సెలవులు, సముద్రం, కారు. 1960ల్లో దాన్నే సరుకుగా చేసి ప్రపంచమంతా అమ్మిన కుర్రాళ్ల పాటల బృందం బీచ్ బాయ్స్. బ్రయన్, డెనిస్, కార్ల్ విల్సన్ అని ముగ్గురు అన్నదమ్ములు. పాటలు కట్టేది ముఖ్యంగా పెద్దవాడు బ్రయన్. వాళ్లకి తోడు చుట్టరికం ఉన్న మైక్ లవ్, స్నేహితుడు అల్ జార్డీన్. తమాషా ఏమిటంటే వీళ్లలో నిజంగా అలల మీద పలకేసుకుని తిరిగింది డెనిస్ ఒక్కడే.

1965 జూలైలో వాళ్ల 'సమ్మర్ డేస్ (అండ్ సమ్మర్ నైట్స్)' అనే రికార్డు వచ్చింది. పన్నెండు పాటలు. అన్నీ కలిపినా అరగంట ఉండదు. మన కచేరీలో ఒక్క రాగం ఆలాపనకి చాలదు. ఆ మార్చిలోనే 'టుడే' అనే రికార్డు వేశారు. దాని రెండో వైపు ఎక్కువగా దిగులు పాటలే. కంపెనీ వాళ్లు ఇదేం బాబూ, మళ్లీ వేసవి పాటలు కావాలన్నారు. కొట్టువాడు అడిగిన సరుకు కట్టివ్వాలి కదా. అందుకే విమర్శకులు దీన్ని వెనక్కి వేసిన అడుగు అంటారు. ముందు 'టుడే', తర్వాత 1966లో వాళ్ల గొప్ప రికార్డు 'పెట్ సౌండ్స్', ఆ రెండింటి మధ్య ఇదో విరామం అని తేల్చేస్తారు. నాకు ఆ మాట నచ్చదు. ఎందుకో చెబుతాను.

పాట పాటకీ ఒక పేరా రాసుకొచ్చాను. మొదటి పాట న్యూయార్క్ పిల్ల మీద. అంతకుముందు న్యూయార్క్ కుర్రాడి మీద వేరేవాళ్లు పాడిన పాటకి జవాబు. రెండోది ఎగ్జిబిషన్ పాట, జెయింట్ వీల్ గోల. మూడోది 'క్రిస్టల్స్' అనే అమ్మాయిల బృందంతో ఫిల్ స్పెక్టర్ అనే నిర్మాత చేయించిన పాటని మగ గొంతుకి మార్చుకున్నది. నాలుగోది సాల్ట్ లేక్ సిటీ అభిమానులకి దండం. అయిదోది చిన్నవాడు కార్ల్ పాడాడు, చక్కగా పాడాడు. ఆరోది 'హెల్ప్ మీ, రోండా'. ఇక్కడ ఆగాలి.

ఆ పాట 1965 మే నెలలో అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లింది. మనం వినేది రెండోసారి రికార్డు చేసింది. మొదటిసారి జనవరిలో చేసినప్పటి టేపు ఒకటి బయటికి వచ్చింది, దాదాపు నలభై నిమిషాలు. అందులో వాళ్ల నాన్న మర్రీ విల్సన్ ఉంటాడు. ఆయనా పాటలు కట్టినవాడే, పెద్దగా పేరు రాలేదు. పిల్లలకి మేనేజరుగా ఉండేవాడు. 1964లో కొడుకులే ఆయన్ని ఆ పని నుంచి తీసేశారు. తీసేసినా రికార్డింగుకి వచ్చాడు, తాగి వచ్చాడు. పాడుతున్న అల్‌ని పట్టుకుని గుండెల్లోంచి పాడు, బిగుసుకోకు అంటూ మైకులో ఒకటే సణుగుడు. బ్రయన్‌కి కుడి చెవి వినపడదు. నాన్న కొట్టిన దెబ్బకే పోయిందని కొందరు, పుట్టుకతోనే అంతని కొందరు అంటారు. ఆ టేపులో అతను నాన్నతో, నాకు మిగిలింది ఒక్క చెవి, నీ గొంతు దాన్నీ చంపేస్తోంది అంటాడు. నేనూ మేధావినే బ్రయన్ అంటాడు తండ్రి.

అయ్యా, మీలో ఎంతమంది పిల్లల మీద ఇలా అరిచారు? చేతులెత్తక్కర్లేదు. నేను ఎత్తుతున్నాను చూడండి.

మా వాడు ఇంటర్ రెండో ఏడు. ఎంసెట్ నాలుగు నెలల్లో ఉంది. వాడు గదిలో కీబోర్డు ముందు కూర్చుని ఉన్నాడు. మా బావమరిది కొనిచ్చిన కీబోర్డు. అప్పుడే బ్యాంకు నుంచి వచ్చాను, ఆ రోజు క్యాష్ తేడా వచ్చింది. "వాయించుకో, రేపు రైల్వే స్టేషన్లో చిల్లర వేస్తారు" అని అరిచాను. వాడు, "మెల్లిగా తిట్టండి నాన్నా, పక్కింటికి వినపడుతుంది" అన్నాడు. అంతే. నాకు తిక్క రేగింది. కీబోర్డు లాక్కుని, స్టూలు వేసుకుని అటక మీద పెట్టేశాను. ఇత్తడి గంగాళం వెనకాల. పరీక్ష అయ్యాక దింపుతానన్నాను. ర్యాంకు వచ్చింది, సీటు వచ్చింది, అందరం దాని సంగతే మర్చిపోయాం. అందరం అన్నాను, వాడు మర్చిపోయాడో లేదో అడగలేదు.

అధ్యక్షుల వారు వాచీ చూస్తున్నారు. వస్తున్నానండి, రికార్డు తిప్పుతున్నాను.

రెండో వైపు మొదటి పాట 'కాలిఫోర్నియా గర్ల్స్'. దాని మొదలు వినండి. పాట ఇంకా రాలేదు. గిటారు, ఆర్గన్, కొమ్ము వాద్యాలు నెమ్మదిగా, పొద్దున్నే గుడి తలుపులు తీస్తున్నట్టు. అప్పుడు ఆ వెకిలి పాట మొదలవుతుంది. ఆడపిల్లల్ని ఊరూరా లెక్కపెట్టే పాటకి అంత గంభీరమైన ద్వారం ఎందుకయ్యా అంటే, అదే బ్రయన్. అంతకుముందు డిసెంబరులో విమానంలో భయంతో కుప్పకూలి, ఇక ఊళ్లు తిరగను, స్టూడియోలోనే ఉంటానన్నాడు. అప్పటికి 22 ఏళ్లు. అతని బదులు తిరగడానికి ముందు గ్లెన్ క్యాంబెల్, తర్వాత బ్రూస్ జాన్‌స్టన్ వచ్చారు. బ్రూస్ ఈ పాటలో పాడాడు. అట్ట మీద మాత్రం అతని బొమ్మ లేదు, వేరే కంపెనీతో ఒప్పందం అడ్డొచ్చింది. అల్‌కి జ్వరం, అతనూ లేడు. పడవలో నలుగురే. మన ఇళ్లలో పెళ్లి ఫొటోల్లాగే, ఎవరో ఒకరు తప్పిపోతారు.

తర్వాతి మూడు పాటలు వదిలేస్తున్నాను. బాగుండక కాదు, టైము లేదు.

అయిదో పాట. 'ఐయామ్ బగ్డ్ అట్ మై ఓల్ మ్యాన్'. మా నాన్నతో విసిగిపోయానురా అని. బ్రయన్ పియానో కొడుతూ వెక్కిరింపుగా పాడతాడు. రికార్డులో అనవసరమైన పాట ఇదేనని చాలామంది దాటేస్తారు. 2023లో ఆరు నెలలు మా అబ్బాయి దగ్గర, లాస్ ఏంజెలిస్ పక్కన టోరెన్స్‌లో ఉన్నాం. ఒక ఆదివారం వాడు హాథార్న్ తీసుకెళ్లాడు, ఈ అన్నదమ్ములు పెరిగిన ఊరు. ఇల్లు లేదు. 1980ల్లో ఫ్రీవే కోసం కూలగొట్టారు. 2005లో అక్కడ ఇటుక గోడ కట్టి, పలక మోస్తున్న బీచ్ బాయ్స్ బొమ్మ పెట్టారు. పక్కనే కార్ల హోరు. తిరిగొస్తూ కారులో వాడు ఈ పాట పెట్టి నవ్వాడు. ఏమిట్రా అర్థం అన్నాను. రోడ్డు మీంచి చూపు తిప్పకుండా చెప్పాడు: "నాన్న నన్ను గదిలో పెట్టాడు, కిటికీకి చెక్కలు కొట్టాడు, నిద్రపోతుంటే జుట్టు కత్తిరించాడు, నా సర్ఫింగ్ పలక అమ్మేశాడు అంటున్నాడు నాన్నా."

నేను నవ్వలేదు. వెనక సీట్లో మా ఆవిడ కూడా నవ్వలేదు.

అది హాస్యమే, ఒప్పుకుంటాను. కానీ 1969లో ఆ మర్రీ నిజంగానే కొడుకు పాటల హక్కులన్నీ ఏడు లక్షల డాలర్లకి అమ్మేశాడు. ఆ పలక అమ్మకం ఉత్త జోకేనని నాలుగేళ్ల ముందు నవ్వినవాళ్లు ఏమనుకున్నారో మరి. అందుకే ఇది విరామం రికార్డు అంటే నేను ఒప్పుకోను. పదకొండు పాటలు కంపెనీ అడిగిన సరుకు. ఒక్కటి మాత్రం ఇంటి సంగతి, అదీ నవ్వులాటలో చుట్టి పెట్టింది.

2025 జూన్ 11న బ్రయన్ పోయాడు, 82 ఏళ్లు. ఆ వారమే స్టూలు వేసుకుని అటకెక్కాను. ఈసారి స్టూలు మా ఆవిడ పట్టుకుంది. గంగాళం వెనకాల కీబోర్డు అలాగే ఉంది. లోపల బ్యాటరీలు కారి, తెల్లగా ఉప్పు పేరినట్టు పొక్కులు కట్టాయి. కొన్ని మెట్లు నొక్కితే లోపలికి వెళ్లి మళ్లీ పైకి రాలేదు. రాత్రి వాడికి ఫోన్ చేసి, కీబోర్డు దింపానురా అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "బ్యాటరీలు చేత్తో ముట్టుకోకండి నాన్నా, చెయ్యి మండుతుంది" అన్నాడు.

పన్నెండో పాట ఒకటి ఉంది. వాయిద్యాల్లేవు, గొంతులే. నిమిషం పైచిలుకు, అంతే. అది నేను చెప్పేది కాదు, వినాలి. బాబూ, ఆ ఫ్యాను కాస్త ఆపు.